ఖారున్ కొలతలు

రాయపూర్‌కు బదిలీపై వచ్చే మన ఉద్యోగులు మొదటి వారంలో అడిగే ప్రశ్నలు మూడు. ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, పిల్లలకు మంచి బడి ఏది, ఇక్కడి కుళాయి నీరు త్రాగవచ్చునా? మొదటి రెండింటికి జవాబు చెప్పేవారు కార్యాలయంలో చాలామంది ఉన్నారు. మూడవ ప్రశ్న మాత్రం జల సరఫరా విభాగానికి చెందినది గనుక మా వద్దకే పంపుతారు. ఈ నీరు ఖారున్ నది నుండి వస్తున్నదని మేము చెబుతాము. అది సగమే నిజం. మిగిలిన సగాన్ని నేర్చుకొనడానికి మాకు ఒక వేసవి పట్టినది. ఆ వేసవికి మూల్యం చెల్లించినవారు మాత్రం వేరొకరు.

మేము అనగా 1990వ దశకం నడుమ ఇక్కడికి కొత్తగా వచ్చిన ముగ్గురు ఇంజనీర్లము. ఇద్దరిది ఉత్తరాంధ్ర, ఒకరిది గుంటూరు జిల్లా. ముగ్గురము ఇప్పుడు ఒకచోట లేము. అయినప్పటికీ కొలిచినది ముగ్గురము, తప్పు చేసినదీ ముగ్గురమే గనుక ఈ వ్యాసమంతటా "మేము" అనియే వ్రాయుట న్యాయమని తోచినది.

ఖారున్ పెద్ద నది కాదు. నేటి బాలోద్ జిల్లాలోని పేటేచువా గ్రామ ప్రాంతంలో పుట్టి, ఉత్తర దిశగా ప్రవహించి, సిమ్‌గా సమీపాన సోమనాథ్ వద్ద శివనాథ్ నదిలో కలుస్తుంది. శివనాథ్ వెళ్ళి మహానదిలో కలుస్తుంది. రాయపూర్ నగరం దీని తూర్పు ఒడ్డున ఉన్నది. ఎదుటి ఒడ్డు దుర్గ్ జిల్లా. రైలులో భిలాయి వైపు వెళ్ళేవారు సరోనా దాటిన తరువాత వంతెన మీద నుండి దీనిని చూసే ఉంటారు. నగరానికి దిగువన పత్థర్‌డీహ్ వద్ద కేంద్ర జల సంఘం వారి కొలత కేంద్రం ఉన్నది. అక్కడి వరకు నదికి వాన నీటిని అందించే భూమి సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మన గోదావరికి అట్టి భూమి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నదంటే పోలిక తెలుస్తుంది. ఇంత చిన్న నది మీద నేడు ఒక రాష్ట్ర రాజధాని దాహం ఆధారపడి ఉన్నది.

ఈ ఆధారం నిన్నటిది కాదు. పూర్వం రాయపూర్ చెరువుల ఊరు. బూఢా తలాబ్, తేలీబాంధా వంటి చెరువులే ఊరికి స్నానపానాదులు సమకూర్చేవి. 1892లో నాందగావ్ సంస్థానాధిపతి రాజా బలరాం దాస్ ముఖ్యముగా తన ధనంతో నీటి పథకాన్ని కట్టించగా, ఖారున్ నీరు మొదటిసారిగా ఊరిలోకి వచ్చినది. తరువాత భాఠాగావ్ వద్ద నదికి అడ్డంగా కట్ట వెలసినది. దీనిని ఇక్కడి వారు "ఎనీకట్" అంటారు. దక్షిణాది వారి ఆనకట్ట అనే మాట ఇంగ్లీషువారి నోట ఎనికట్ అయి, ఆ రూపంలోనే ఛత్తీస్‌గఢ్ పల్లెల దాకా వచ్చి చేరినది. మన ఊరి మాట మన కంటే ముందు ఇక్కడికి బదిలీ అయి వచ్చినదని మేము నవ్వుకొనేవారము.

ఇక్కడ కార్తీకంలో పున్నమినాడు మహాదేవ్ ఘాట్ వద్ద, హాటకేశ్వర మహాదేవుని ఆలయం ముందర, పున్నీ మేళా జరుగుతుంది. పల్లెల నుండి జనం తెల్లవారక ముందే వచ్చి నదిలో మునుగుతారు. మా ఇళ్ళలోని ఆడవారికి అదొక్కటి చాలలేదు. కార్తీక అమావాస్య మరునాటి పోలి పాడ్యమికి దీపాలు ఏటిలో వదలాలన్నారు. 1996వ సంవత్సరంలో ఆ తెల్లవారుజామున మేము అందరినీ జీపులో ఎక్కించుకొని, జనసమ్మర్దం లేని చోటని భాఠాగావ్ ఎనీకట్‌కు కొంచెం ఎగువనున్న ఒడ్డుకు తీసుకొని వెళ్ళినాము. అరటి దొప్పలు సంపాదించుటకు ముందురోజు పడిన శ్రమ వేరే కథ. ఒత్తులు వెలిగించి, దొప్పలు నీటిపై ఉంచి, వదిలినారు. దీపాలు కదలలేదు. అయిదు నిముషాలు గడిచినా వదిలిన చోటనే ఉన్నవి. వెంట వచ్చిన ఒక పెద్దావిడ, "ఇదేం ఏరు నాయనా, పోలిని స్వర్గానికి పంపదా?" అన్నారు. దిగువన కట్ట ఉన్నదని, నీరు నిలిచి ఉన్నదని మేము వివరించినాము. ఆవిడ మా వివరణ వినిపించుకొనక, చేతితో నీటిని నెట్టి దీపాలను సాగనంపినారు. డిసెంబరు నెలకే దీపపు దొప్పను నెట్టలేని నది ఏప్రిల్‌లో ఏ స్థితిలో ఉంటుందని ఆనాడు మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. నీటి ప్రవాహ శాస్త్రం చదువుకొని పట్టాలు పుచ్చుకొన్నవారము మేమే.

మరుసటి సంవత్సరం, 1997లో, నగర పొలిమేరలో మన సంస్థ నిర్మాణ పని ఒకటి ఊపందుకొన్నది. కాంక్రీటు కలుపుటకు, తడుపుటకు, అక్కడ గుడిసెలు వేసుకొన్న కూలీల కుటుంబాలకు నీరు కావాలి. బోరుబావులు వేస్తే రెండింటిలో ఒకటి ఒట్టిపోయినది. ఈ మైదానం క్రింద సున్నపురాయి ఉన్నది. రాతిలో పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. కనుక ఎనీకట్‌కు బాగా ఎగువన నది నుండి పంపు ద్వారా నీరు తీసుకొనవచ్చునేమో చూసి నివేదిక ఇమ్మని మాకు ఉత్తరువు వచ్చినది.

మేము తెలివిగానే ఆలోచించినామని అనుకొన్నాము. వర్షాకాలంలో కొలిస్తే నది గొప్పగా కనిపిస్తుంది, శీతకాలంలోనూ మోసగించవచ్చును, కాబట్టి నిండు ఏప్రిల్‌లో కొలిచినాము. ఒడ్డు వెంట ఇరవై మీటర్లు కొలిచి రెండు చోట్ల గడకర్రలు పాతి, ఎగువన బెండు ముక్కలు వదిలి, గడియారం పట్టుకొని నిలబడినాము. పైనీటి వేగం కంటె లోపలి నీటి సగటు వేగం తక్కువ గనుక దానిని 0.85తో గుణించి, అడ్డుకోత వైశాల్యంతో హెచ్చవేసినాము. గిన్నెల మీటరు తెచ్చి ఆ మరునాడు మరల సరిచూసుకొన్నాము. రెండు లెక్కలు దాదాపు సరిపోయినవి. ఏప్రిల్ రెండవ వారంలో నది మోకాలు దాటిన లోతుతో చక్కగా పారుతున్నది. "తీవ్రమైన వేసవిలోను తగినంత ప్రవాహము కలదు" అని నివేదికలో వ్రాసి, ముగ్గురము సంతకాలు చేసి, చీఫ్ ఇంజనీరు గారికి సమర్పించినాము. ఆయన ఒక్క ప్రశ్న అడిగారు. "ఎవరినైనా అడిగారా బాబూ?" కొలిచిన తరువాత అడగవలసినది ఏమున్నదని మేము అన్నాము. ఆయన మా సంతకాల క్రింద సంతకం చేశారు.

నిజానికి మాతో ఒకరు చెప్పనే చెప్పారు. బెండు ముక్కలు వదులుతున్న రోజున వల సరిచేసుకొంటున్న ఒక వృద్ధ కేవటుడు మా పనిని చాలాసేపు చూసి, "ఏ పానీ ఖారున్ కే నోహయ్, బాంధా కే పానీ ఆయ్" అన్నాడు. ఇది ఖారున్ నీరు కాదు, బాంధా నీరు అని. అప్పటికి మాకు ఛత్తీస్‌గఢీ అరకొరగా వచ్చును. బాంధా అంటే కట్ట అని తెలుసు. దిగువన కనబడే ఎనీకట్ వెనుక నిలిచిన నీరని చెబుతున్నాడు కాబోలునని, తల ఊపి, మా పని మేము చేసుకొన్నాము. ఆయన చెప్పినది ఆ కట్టను గురించి కాదు. దక్షిణాన ధమ్‌తరీ దగ్గర మహానది మీద ఉన్న గంగ్రేల్ డ్యామును గురించి.

సంగతి ఇది. వేసవిలో నగరానికి నీరు చాలనప్పుడు గంగ్రేల్ జలాశయం నుండి నీరు విడుదల చేస్తారు. అది రుద్రీ వద్ద మహానది కాలువలోకి మళ్ళి, కాలువల వెంట వచ్చి, భాఠాగావ్‌కు ఎగువన ఖారున్‌లో పడుతుంది. అక్కడి నుండి నదీగర్భమే కాలువగా పనిచేసి నీటిని ఎనీకట్ దాకా చేరుస్తుంది. మేము ఎంతో శ్రద్ధగా, దశాంశ స్థానాలతో సహా కొలిచినది మహానది నీటిని. అది కూడా ఎవరో తూము ఎత్తినందున వచ్చిన నీటిని.

మే నెల మొదటి వారంలో పంపు, గొట్టాలు అమరినవి. పది రోజులు నీరు వచ్చినది. తరువాత ఎగువన తూము దించారు. మూడవ రోజు ఉదయానికి మా పంపు గాలి పీల్చుచున్నది. వెళ్ళి చూస్తే నదిలో రాతి పలకలు, వాటి నడుమ గుంటలు, గుంటలలో పాచి. గడకర్రలలో ఒకటి ఇంకా నిలబడే ఉన్నది.

ఆ పనిలో మన పాలమూరు కూలీలు చాలామంది ఉండేవారు. ఆనకట్టల పనులు, కాలువల పనులు ఎక్కడ ఉంటే అక్కడికి దేశమంతా తిరిగినవారు. నీటి జాడలు మాకంటె ఎక్కువ ఎరిగినవారు. నీరు ఆగిన నాటి నుండి వారి ఆడవారు కాంక్రీటు పని ముగిసిన తరువాత బిందెలు తీసుకొని దూరాన ఉన్న చెరువుకు నడిచారు. ట్యాంకరు రోజుకు ఒక్కసారి వచ్చేది. అందులోని నీరు ముందు స్లాబు తడుపుటకు, మిగిలినది మనుషులకు. ఇట్టి క్రమం పెట్టినవారము మేమే. కాంక్రీటు ఎండితే పగులుతుంది, ఆ పగులు కొలతపుస్తకానికి ఎక్కుతుంది. మనుషుల దాహం ఎక్కదు. నాలుగవ రోజున కూలీల మేస్త్రీ భార్య మా జీపు ఆపి, "ఏరు పారుతదని మీరే రాసిన్రట గదా సారూ?" అని అడిగినది. కోపంతో అడగలేదు. తెలుసుకొనుటకే అడిగినట్లు అడిగినది. ఆమె చంకనున్న పిల్లవాడికి విరేచనాలు. చెరువు నీరు పడలేదు. ఆ సాయంకాలం మేము వానిని జీపులో ఆసుపత్రికి చేర్చినాము. వారం రోజులకు పిల్లవాడు కోలుకొన్నాడు గనుక ఈ మాట ఇక్కడ వ్రాయగలుగుతున్నాము. వేరొక విధంగా జరిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

సంజాయిషీ కోరుతూ పైనుండి ఉత్తరం వచ్చినది. అది చీఫ్ గారి పేర వచ్చినది. ఆయనకు పదవీ విరమణ మరి ఏడు నెలలలో ఉన్నది. ఏమి జవాబు వ్రాశారో మాకు చూపలేదు. చాలాకాలం తరువాత దస్త్రంలో చూసినాము. "క్షేత్రస్థాయి విచారణ లేకుండా ఆమోదించిన బాధ్యత నాది" అని ఒక్క వాక్యం, క్రింద సంతకం. మా ముగ్గురి పేర్లు అందులో లేవు. ఆనాడు మమ్మల్ని పిలిచి ఆయన చెప్పినది, "ఒక సంవత్సరం చూడండి బాబూ. ప్రతి ఆదివారం. కొలవడం కంటె ముందు చూడండి" అని మాత్రమే.

ఆ విధముగా మా ఆదివారాలు ఖారున్‌కు అంకితమైనవి. ఇంట్లోవారు మొదట విసుగుకొన్నారు, తరువాత టిఫిను డబ్బాతో వెంట రాసాగారు. కాలువ కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రంగు గీతలు గీసిన రెండు కొలబద్దలు పాతినాము. ఈ రెండింటి భేదమే మాకు గురువు.

ఇక్కడ సంవత్సరానికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అధిక భాగం జూన్ నడుమ నుండి సెప్టెంబరు ఆఖరు లోపలనే. కాని తొలి వాన పడిన నాడు ఖారున్ పొంగదు. వేసవిలో నెరలు విచ్చిన నల్ల నేల, దీనిని ఇక్కడ కన్హార్ అంటారు, ముందు తన దాహం తీర్చుకొంటుంది. తరువాత వరి మడుల గట్లు నీటిని పట్టుకొంటాయి. ఈ ప్రాంతపు రైతులు వరి వెదజల్లి, మొలక ఎదిగిన తరువాత నిలువ నీటిలో పైరు మీదనే నాగలి త్రిప్పుతారు. దీనిని బియాసీ అంటారు. కోనసీమ రైతు చూస్తే గుండె పట్టుకొంటాడు. ఆ బియాసీకి మడి నిండా నీరు ఉండాలి గనుక గట్టు తెగనివ్వరు. మడులు నిండి పొర్లిన తరువాతనే నదికి వాటా. ఆగస్టులో మాత్రం ఒక్క రాత్రిలో మా దిగువ కొలబద్ద మునిగిపోయినది. అది మరల కనిపించుటకు ఆరు రోజులు పట్టినది.

మాకు అన్నిటికంటె నచ్చినది అక్టోబరు. కోతకు ముందు మడుల నీరు వదులుతారు. సున్నపురాతి పగుళ్ళలో ఇంకిన వాన నీరు కొంచెం కొంచెంగా ఊరి నదిలోకి వస్తుంది. నీరు తేటపడి అడుగు కనిపిస్తుంది. ఇదే ఖారున్ సొంత నీరు. డిసెంబరుకు సన్నగిల్లుతుంది. వరి కోయక మునుపే తడి మడిలో చల్లిన తివరా పప్పు మొక్కలు ఆ మిగిలిన చెమ్మతోనే పండుతాయి. కూరగాయల రైతులు మాత్రం గుంటలకు పంపులు పెడతారు. జనవరిలో ఒడ్డు వెంట ఆయిల్ ఇంజనుల చప్పుడు. మార్చి నాటికి ఎగువ కొలబద్ద వద్ద నది తెగిపోయి వేరువేరు గుంటలైనది. దిగువ కొలబద్ద వద్ద ఆ తరువాత కొద్ది రోజులకు నీరు పెరిగినది. ఆ రెండు అంకెలు ఒకే పుటలో ప్రక్కప్రక్కన వ్రాసుకొని ముగ్గురము చాలాసేపు మాట్లాడుకొనలేదు.

అదంతా మన తెలుగువారికి నేడు కొత్త సంగతి కాదు. 2015 నుండి పట్టిసీమ వద్ద ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా వచ్చి ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుస్తున్నది. అది పారుతున్న రోజులలో బెజవాడ దుర్గమ్మ కొండ క్రింద మునిగి "కృష్ణవేణీ" అని నమస్కరించేవారి తల మీద ఏ నది నీరు ఎంత పడినదో ఆ తల్లికే తెలియాలి. అక్కడ ఆ కలయికకు పవిత్ర సంగమమని పేరు పెట్టి హారతులిచ్చారు. ఇక్కడ కాలువ ఖారున్‌లో పడే చోట మాకు పేరు ఏదీ కనిపించలేదు.

లెక్క కూడా కొంచెం చెప్పవలెను, మా వృత్తి అలాంటిది. క్యుసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. ఒక్క క్యుసెక్కు రోజంతా పారితే సుమారు 24 లక్షల 46 వేల లీటర్లు. తలకు రోజుకు 135 లీటర్ల లెక్కన అది పద్దెనిమిది వేల మందికి సరిపోతుంది. వినుటకు ఘనంగానే ఉంటుంది. అయితే తెరచిన కాలువలో వచ్చే నీరు దారిలో ఎండకు ఆవిరవుతుంది, మట్టిలోకి ఇంకుతుంది, ఎండుతున్న పైరు గల రైతు పంపులోకి కొంత పోతుంది. ఆ రైతును దొంగ అనుటకు మాకు నోరు రాదు. పైగా గంగ్రేల్ నీటికి హక్కుదారులు అనేకులు. 1970వ దశకం చివర పూర్తయిన ఆ జలాశయం ఖరీఫ్ వరికి, రాయపూర్ నగరానికి, భిలాయి ఉక్కు కర్మాగారానికి కూడా నీరు ఇవ్వవలసినది. దాని క్రింద ఎన్నో గ్రామాలు మునిగినవి. రాయపూర్‌లో మనం కుళాయి విప్పినపుడు వచ్చే నీటిలో ఆ గ్రామాల పొలాల మీద నిలిచిన నీరూ ఉన్నది.

2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయినది. నగరం నది వైపు నడిచి వచ్చినది. మహాదేవ్ ఘాట్ వద్ద వ్రేలాడు వంతెన వచ్చినది, దానికి లక్ష్మణ్ ఝూలా అని పేరు. సాయంకాలాలు అక్కడ పిల్లలతో మనవారే ఎక్కువ కనిపిస్తారు. ఛఠ్ పండుగకు ఘాట్ నిండిపోతుంది. వినాయక నిమజ్జనానికి నది ప్రక్కన వేరే కొలను ఏర్పరచారు, మంచి పని. ఎనీకట్‌కు ఎగువన మనం తీసుకొన్న నీరు వాడుక అయిన తరువాత నాలాల గుండా దిగువన ఆ నదికే తిరిగి చేరుతుంది. చాలా ఏళ్ళు అది ఉన్నదున్నట్లుగానే చేరినది. వేసవిలో నగరానికి దిగువన ఖారున్‌లో పారినది చాలావరకు మన స్నానాల గదుల నీరే. ఇటీవల నిమోరా, చందన్‌డీహ్, కారా వద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలు వచ్చినవి. ముసలి కేవటుని వంటివారు వల వేయునది ఆ దిగువననే. ఆయన మరల మాకు కనబడలేదు. క్షమాపణ చెప్పుకొనుటకు రెండు ఆదివారాలు వెతికినాము.

చీఫ్ గారు విరమణ పొంది రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో అందరూ ఆయన కట్టించిన భవనాలను గురించి మాట్లాడినారు. మేము మాట్లాడలేకపోయినాము. ఆ తరువాత ప్రతి సంవత్సరం మే నెలలో ఆయన వద్ద నుండి ఒక కార్డు వచ్చేది. ముగ్గురి పేర్లు వరుసగా వ్రాసి, "ఈ ఏడు ఇక్కడ గోదావరి పలుచగా ఉన్నది. అక్కడ ఖారున్ ఎట్లున్నది? గంగ్రేల్ నీరు కలపకుండా వ్రాయండి" అని. పదకొండు సంవత్సరాలు ఆ కార్డు తప్పలేదు. తరువాతి మే నెలలో రాలేదు. జూన్‌లో వారి కుమారుని వద్ద నుండి ఉత్తరం వచ్చినది.

ఆ కార్డులన్నిటికీ మేము ఎగువ కొలబద్ద చూసి వచ్చిన తరువాతనే జవాబు వ్రాసేవారము. ఆఖరి జవాబు ప్రతి మా కొలతపుస్తకంలో ఉన్నది. "మే 18, ఆదివారం. ఎగువన ప్రవాహము లేదు. గుంటలు నాలుగు. ఒకదానిలో కొంగలు ఉన్నవి. దిగువన మోకాటి లోతు, అది మనది కాదు."